బెంగళూరులో వలస కూలీల పిల్లల చదువు కోసం పనిచేయాలనుకునే తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

వర్తూరు, సర్జాపుర వైపు కట్టడాల దగ్గర ఉండే తెలుగు కూలీల పిల్లలతో మేము కొన్నేళ్ళుగా పనిచేస్తున్నాం. ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునేవాళ్ళు, ఇప్పటికే చిన్న సంస్థ నడుపుతున్నవాళ్ళు వారానికి ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేస్తారు. అడిగేవి దాదాపు అవే సందేహాలు. అందుకే వాటిని వాళ్ళు అడిగిన మాటల్లోనే ఇక్కడ రాశాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు. మా నమ్మకం మాత్రం ముందే చెప్పేస్తాను: పిల్ల ప్రభుత్వ బడిలో చేరి, అక్కడ నిలదొక్కుకునేదాకా తోడుండటమే మన పని.

## మొదలుపెట్టే ముందు

మా అపార్ట్‌మెంట్ వెనక లేబర్ షెడ్లలో పిల్లలు బడికి వెళ్ళకుండా తిరుగుతున్నారు. రేపటి నుంచే ట్యూషన్ మొదలుపెట్టొచ్చా?

ఒక నెల ఆగండి. ఆ నెలంతా సాయంత్రం పూట షెడ్ల దగ్గరికి వెళ్ళి కూర్చోండి. ఏ ఊరు నుంచి వచ్చారు, ఎవరు తీసుకొచ్చారు, మళ్ళీ పండక్కి వెళ్తే తిరిగి ఇక్కడికే వస్తారా, చంటిపిల్లల్ని పగలు ఎవరు చూస్తారు, ఇవి అడగండి. కదిరి, మడకశిర, కళ్యాణదుర్గం, పాలమూరు అంటూ ఊళ్ళ పేర్లు వస్తాయి. తెలుగులో మాట్లాడేవాళ్ళు వచ్చారని తెలిస్తే వాళ్ళే టీ పెట్టిస్తారు.

మేము ఈ పని చేయకుండానే మొదలుపెట్టి, మొదటి సంవత్సరం చాలా పోగొట్టుకున్నాం. ఉదయం తొమ్మిదికి క్లాసు పెడితే ఆడపిల్లలు ఒక్కరూ వచ్చేవాళ్ళు కాదు. చదువంటే ఇష్టం లేదేమో అనుకున్నాం. నిజానికి ఆ షెడ్లకి నీళ్ళ ట్యాంకరు వచ్చేది తొమ్మిదికే. అమ్మానాన్నలు అప్పటికే పనిలోకి దిగిపోయి ఉంటారు కాబట్టి బిందెలు పట్టుకుని నిలబడేది పిల్లలే. క్లాసు పదిన్నరకి మార్చాం, పిల్లలు వచ్చారు. ఆ సంగతి మాకు చెప్పింది ఎనిమిదేళ్ళ పాప. అప్పటిదాకా మేము ఆ పాపని అడగనే లేదు.

కొత్త సంస్థే పెట్టాలా? ఉన్నవాటిలో చేరి పనిచేస్తే సరిపోదా?

చాలామందికి చేరడమే మంచిదని నా అభిప్రాయం. బెంగళూరులో అక్షర ఫౌండేషన్, డ్రీమ్ ఎ డ్రీమ్, పరిక్రమ లాంటివి ఇరవై ఏళ్ళకి పైగా పనిచేస్తున్నాయి. ప్రథమ్ లాంటి జాతీయ సంస్థలూ ఉన్నాయి. ఒక ఏడాది అలాంటి చోట వాలంటీరుగా ఉంటే, మీ ప్రాంతంలో నిజంగా ఖాళీ ఎక్కడుందో తెలుస్తుంది. ఆ ఖాళీని ఇంకెవరూ పూరించడం లేదని తేలితే అప్పుడు పెట్టండి. తెలుగు, కన్నడ రెండూ తెలిసి షెడ్లలోకి వెళ్ళి మాట్లాడగలిగే మనుషులు ఈ నగరంలో ఇప్పటికీ తక్కువే.

మాకు డబ్బు లేదు, పేరు లేదు. ఇంత చిన్నగా మొదలుపెడితే ఎప్పటికైనా పెద్దదవుతుందా?

దుర్గాబాయి దేశ్‌ముఖ్ మద్రాసులో కొద్దిమంది ఆడపిల్లల్ని బెనారస్ మెట్రిక్ పరీక్షకి తయారుచేయడంతో మొదలైన పనే ఆంధ్ర మహిళా సభ అయింది. ఆ సభ పుట్టింది 1937లో. పిల్లలకి అప్పుడు ఏం కావాలో దాంతోనే ఆమె మొదలుపెట్టారు. మీరూ అలాగే చేయండి. పెద్దదవుతుందా లేదా అన్నది మొదటి రెండేళ్ళు పక్కన పెట్టండి.

ఈ పిల్లలు ఒక చోట ఆరు నెలలే ఉంటారు. కట్టడం అయిపోగానే వెళ్ళిపోతారు. ఇంత కష్టపడి ఏం లాభం?

ఈ ప్రశ్న అడగని వాలంటీరు లేరు. వాళ్ళని తప్పుపట్టను, పేరు నేర్చుకునేలోపే పిల్లాడు మాయమైతే ఎవరికైనా బాధే.

ఆరు నెలల్లో జరిగేవి చాలా ఉన్నాయి. పదేళ్ళ పిల్లకి రోజూ రెండు గంటలు ఓపిగ్గా చెబితే ఆ వ్యవధిలో అక్షరాలు దాటి చిన్న వాక్యాలు చదువుతుంది. బడిలో పేరు ఎక్కితే, తర్వాత ఏ ఊరు వెళ్ళినా ఫలానా బడిలో చదివింది అని చూపించడానికి ఒక నంబరు ఉంటుంది. కర్ణాటకలో దాన్ని సాట్స్ నంబరు అంటారు. కుటుంబం వెళ్ళిపోయే ముందు ఆ నంబరు, టీసీ, టీకాల కార్డు నకలు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి అమ్మ చేతికివ్వండి. మేస్త్రీ ఫోన్ నంబరు కూడా తీసి ఉంచుకోండి. కూలీల నంబర్లు మారిపోతుంటాయి, మేస్త్రీది మారదు. వాళ్ళు హొసకోట వెళ్ళారో హైదరాబాదు వెళ్ళారో ఆయన్ని అడిగితే తెలుస్తుంది.

మేము చదువు చెప్పడానికి వచ్చాం. తిండి, ఆరోగ్యం, ఇంటి గొడవలు కూడా మేమే చూడాలా?

అన్నీ మీరే చేయలేరు, చేయకూడదు కూడా. కానీ అవి చూడకుండా చదువు ముందుకు సాగదు. రక్తహీనత ఉన్న పిల్ల మధ్యాహ్నానికి నిద్రపోతుంది. చెవిలో చీము కారే పిల్లాడికి పాఠం వినపడదు. తండ్రి తాగొచ్చి కొట్టిన మరుసటి రోజు ఎక్కాలు అప్పజెప్పమంటే ఏం అప్పజెబుతాడు?

మీ పరిధిలోని ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సు, ఈ ముగ్గురి నంబర్లు గోడమీద రాసి పెట్టుకోండి. మీ పని పిల్లని వాళ్ళ దాకా తీసుకెళ్ళడం, తర్వాత ఏమైందో అడగడం. మందులు కొనిచ్చే సంస్థగా మారిపోతే రెండో ఏడాదికి మీ దగ్గర పలకలకి కూడా డబ్బుండదు.

## బడిలో చేర్పించేటప్పుడు

ఆధార్ లేదు, టీసీ లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు. బడిలో చేర్చుకుంటారా?

చేర్చుకోవాలి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. వయసు రుజువు లేదని ప్రవేశం నిరాకరించకూడదని అందులోని 14వ సెక్షన్ చెబుతుంది. టీసీ రావడం ఆలస్యమైందని ఆపకూడదని 5వ సెక్షన్, ఏడాది మధ్యలో వచ్చారని తిప్పి పంపకూడదని 15వ సెక్షన్ చెబుతాయి. ఆధార్ విషయానికొస్తే, బడిలో చేరడానికి అది తప్పనిసరి కాదని 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు తేల్చింది.

అయితే చట్టం కాగితం చేత్తో ఊపుకుంటూ హెడ్ మాస్టర్ గదిలోకి వెళ్ళకండి. ఆయనకి కంప్యూటర్లో ఆ గడి నింపకపోతే ఎంట్రీ ముందుకు వెళ్ళదు, పైవాళ్ళు ఆయన్నే అడుగుతారు. ఆయన టెన్షన్ అర్థం చేసుకుని, తల్లిదండ్రుల చేత వయసు గురించి రాతపూర్వకంగా రాయించి తీసుకెళ్ళండి. మేము కలిసిన హెడ్ మాస్టర్లలో ఎక్కువమంది ఆ తర్వాత సాయమే చేశారు. ఒకచోట మాత్రం మూడుసార్లు తిప్పి పంపారు. అప్పుడు చుట్టుపక్కల కొన్ని బడులను కలిపి చూసే క్లస్టర్ అధికారి సీఆర్‌పీ దగ్గరికి, అక్కడా కాకపోతే బ్లాక్ విద్యాధికారి, అంటే బీఈఓ ఆఫీసుకి వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

పదేళ్ళ పిల్లకి అక్షరాలు రావు. ఒకటో తరగతిలో కూర్చోబెట్టాలా?

వద్దు. చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం వయసుకి తగిన తరగతిలోనే చేర్చాలి, వెనకబడిన చదువు అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పదేళ్ళ పిల్లని ఆరేళ్ళ పిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుతోనే మానేస్తుంది.

ఈ పద్ధతి మన తెలుగు నేలమీద పెద్ద ఎత్తున చేసి చూపించినవాళ్ళు ఉన్నారు. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనికి వెళ్ళే పిల్లల్ని శిబిరాల్లో ఉంచి, కొన్ని నెలలు చదివించి, వయసుకి తగిన తరగతిలో చేర్పించింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లనీ బాలకార్మికురాలిగానే చూడాలన్నది వాళ్ళ పట్టుదల. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకి 2003లో రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కి ఆమే మొదటి అధ్యక్షురాలు. నాయకత్వం గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఈ పని గురించే. ఎందుకంటే వాళ్ళు ప్రభుత్వ బడికి పోటీగా బడి కట్టలేదు, పిల్లల్ని ఆ బడికే నడిపించారు.

మా పిల్లలకి కన్నడ రాదు. ఇక్కడి బడిలో ఏం అర్థమవుతుంది?

ఇది అందరికీ ఉన్న భయమే, కానీ తెలుగు పిల్లలకి ఇది ఉండాల్సినంత పెద్దది కాదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుంచి విడిపోయాయి. తెలుగు అక్షరాలు వచ్చిన పిల్ల కన్నడ అక్షరాల్లో చాలావాటిని చూడగానే పోల్చుకుంటుంది. తలకట్టు తీరు వేరు, కొన్ని గుణింతాలు వేరు. వాటిని పక్కపక్కన రాసి రోజుకి ఐదు చూపిస్తే చాలు.

మాటలకి మేము ఆడించే ఆట ఒకటుంది. తెలుగులో ‘ప’తో మొదలయ్యే మాట చెప్పి, ‘ప’ తీసేసి ‘హ’ పెట్టమంటాం. పాలు హాలవుతుంది, పులి హులి అవుతుంది. పంది హంది, పాము హావు, పువ్వు హూవు. నాలుగు మాటలయ్యేసరికి పిల్లలే కొత్తవి వెతకడం మొదలుపెడతారు. అన్ని మాటలకీ ఇది పనికిరాదు, పేరు హేరు కాదు, హెసరు. అదీ వాళ్ళే కనిపెట్టి నవ్వుకుంటారు. పరాయి భాష అనే బెరుకు పోవడానికి ఆ నవ్వు చాలు.

అసలు చిక్కు ఏ అక్షరమూ రాని పిల్లతో వస్తుంది. ఆమెకి ముందు ఇంటి భాషలో మాట్లాడించండి, కథ చెప్పించండి, ఆ తర్వాత చదవడం కన్నడతోనే మొదలుపెట్టండి. రెండు లిపులూ ఒకేసారి నెత్తిన పెట్టకండి. టీచరుతో కూడా చెప్పి ఉంచండి, మొదటి రెండు నెలలు పిల్ల తెలుగులో జవాబిస్తే కోప్పడొద్దని. బెంగళూరు టీచర్లలో తెలుగు అర్థమయ్యేవాళ్ళు చాలామందే ఉంటారు.

ఊళ్ళో బడి నుంచి పేరు తీసేస్తే తల్లికి వందనం డబ్బు పోతుందని అమ్మలు ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

వాళ్ళ భయం న్యాయమైనదే, కొట్టిపారేయకండి. 2025 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం కింద చదివే ప్రతి బిడ్డకీ 15,000 రూపాయల లెక్కన, బడి నిర్వహణకి 2,000 పోను, 13,000 తల్లి ఖాతాలో పడుతున్నాయి. కూలి కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. కానీ దానికి 75 శాతం హాజరు ఉండాలి. పిల్ల ఏడాదంతా బెంగళూరులో షెడ్డులో ఉంటే ఆ హాజరు ఎలాగూ ఉండదు.

కాబట్టి రెండు దారులూ వాళ్ళ ముందు పెట్టండి. ఊళ్ళో అవ్వాతాతలు ఉండి, చూసుకోగలిగితే పిల్లని అక్కడే చదివించడం. ఆరో తరగతి, ఆపైన ఆడపిల్లలైతే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో హాస్టల్‌తో సహా చదువుంటుంది. అది కుదరకపోతే టీసీ తెచ్చుకుని ఇక్కడ చేర్చడం. నిర్ణయం అమ్మది. మా దగ్గర పిల్లల సంఖ్య తగ్గుతుందని ఊరికి పంపొద్దని చెప్పడం మాత్రం పెద్ద తప్పు.

విద్యాహక్కు చట్టం కింద 25 శాతం సీట్లలో మంచి ప్రైవేటు బడిలో చేర్పించలేమా?

ప్రైవేటు బడులు పేద పిల్లలకి ఉంచాల్సిన సీట్లవి. కర్ణాటకలో 2019-20 నుంచి నియమం మారింది. దగ్గరలో ప్రభుత్వ బడి గానీ ఎయిడెడ్ బడి గానీ ఉంటే, అక్కడి ప్రైవేటు బడిలో ఆ సీట్లు ఉండవు. బెంగళూరులో దగ్గరలో ప్రభుత్వ బడి లేని చోటు అరుదు. ఆ ఆశతో ఏడాది వృథా చేయకండి.

పెద్ద పిల్ల చంటి తమ్ముణ్ణి చూసుకోవాలంటున్నారు. ఏం చేయగలం?

బడికి రాని ఆడపిల్లల్లో సగం కథ ఇదే అని నాకనిపిస్తుంది. తమ్ముడికి చోటు దొరికితేనే అక్క బడికి వస్తుంది. మూడేళ్ళు దాటితే అంగన్‌వాడీ ఉంది. అంతకన్నా చిన్నవాళ్ళ కోసం భవన నిర్మాణ కార్మికుల చట్టం, 1996 చూడండి. 50 మందికి మించి ఆడకూలీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకి గది, చూసుకునే మనిషి ఉండాలని 35వ సెక్షన్ చెబుతుంది. సైట్ ఇంజినీరుతో మాట్లాడేటప్పుడు దీన్ని డిమాండ్‌లా కాకుండా ఏర్పాటులా మాట్లాడండి: గది వాళ్ళది, మనిషి మనది, జీతం సగం సగం. రెండు చోట్ల మాకు అలాగే కుదిరింది. మూడో చోట ఒప్పుకోలేదు, అప్పుడు షెడ్లలోని ఒక పెద్దావిడకి నెల జీతం ఇచ్చి ఆమె దగ్గరే పిల్లల్ని ఉంచాం.

## రిజిస్ట్రేషన్ దగ్గర

ట్రస్టు పెట్టాలా, సొసైటీ పెట్టాలా, సెక్షన్ 8 కంపెనీ పెట్టాలా?

ట్రస్టు తేలిక. ఇద్దరు ముగ్గురు ట్రస్టీలతో దస్తావేజు రాసుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేస్తారు. సొసైటీకి కర్ణాటక చట్టం, 1960 ప్రకారం కనీసం ఏడుగురు కావాలి, ఏటా సమావేశాలు, ఎన్నికలు, రిజిస్ట్రార్‌కి లెక్కలు ఉంటాయి. సెక్షన్ 8 కంపెనీ అంటే లాభం కోసం కాకుండా సేవ కోసం కంపెనీల చట్టం కింద పెట్టేది, దానికి కాగితాల పని అన్నిటికన్నా ఎక్కువ.

తేలిక అని చూసి ట్రస్టు పెట్టి, భార్యాభర్తలే ట్రస్టీలుగా ఉండిపోయేవాళ్ళని చాలామందిని చూశాను. చట్టం ఆపదు. కానీ మీరు తప్పు చేస్తుంటే చెప్పేవాళ్ళు ఆ గదిలో ఉండరు. బంధువు కాని ఒకరు, లెక్కలు తెలిసిన ఒకరు, ఆ షెడ్ల జీవితం స్వయంగా తెలిసిన ఒకరు ఉండేలా చూడండి.

12ఏ, 80జీ అంటే ఏమిటి? ఎప్పుడు తీసుకోవాలి?

రెండూ ఆదాయపు పన్ను శాఖ దగ్గర చేయించుకునే నమోదులు. 12ఏ ఉంటే మీ సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు, దానికి షరతుగా ఏడాది ఆదాయంలో కనీసం 85 శాతం ఆశయానికే ఖర్చు చేయాలి. 80జీ ఉంటే మీకు ఇచ్చిన దాతకి పన్నులో వెసులుబాటు. రిజిస్టర్ అవగానే రెండింటికీ దరఖాస్తు చేయండి. మొదట మూడేళ్ళకి తాత్కాలికంగా ఇస్తారు. అది ముగియడానికి ఆరు నెలల ముందు గానీ, పని మొదలైన ఆరు నెలల్లో గానీ, ఏది ముందైతే అప్పటికి పూర్తి నమోదుకి దరఖాస్తు వేయాలి. ఈ గడువు దాటిపోయి సంస్థలు చాలా ఇబ్బంది పడ్డాయి.

దాతలకి ఒక విషయం నిజాయితీగా చెప్పండి: కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి 80జీ వల్ల లాభం లేదు. 2,000 రూపాయలు మించి నగదుగా ఇస్తే పాత విధానంలోనూ లేదు. ఇంకొకటి, 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది. అందులో సెక్షన్ల నంబర్లు వేరు, జనం మాత్రం పాత పేర్లతోనే పిలుస్తారు. ఆడిటర్ని కొత్త నంబర్లు అడిగి రాసుకోండి.

## డబ్బు గురించి

అమెరికాలో ఉన్న మా అన్నయ్య నెలనెలా పంపుతానన్నాడు. తీసుకోవచ్చా?

అన్నయ్య పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు అడగండి. భారత పాస్‌పోర్టే ఉండి, తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, తీసుకోవచ్చు. పాస్‌పోర్టు నకలు మాత్రం ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఆ డబ్బు విదేశీ విరాళమే. ఇక్కడి ఖాతా నుంచి రూపాయల్లో ఇచ్చినా అంతే.

విదేశీ విరాళానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉండాలి. దానికి సంస్థకి మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో ఆశయాల మీద కనీసం 15 లక్షల ఖర్చు చూపించాలి. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత అందులో 20 శాతానికి మించి పరిపాలన ఖర్చుకి వాడకూడదు, ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు. మన తెలుగు ఇళ్ళలో అమెరికా చుట్టం లేనివాళ్ళు తక్కువ కాబట్టి ఈ పొరపాటు మనకే ఎక్కువ జరుగుతుంది. ‘మా అన్నయ్యే కదా’ అని తీసుకున్న పదివేలు మొత్తం సంస్థ మీదికి రావొచ్చు.

ఇన్ని పెద్ద కంపెనీలున్న ఊరు కదా, సీఎస్‌ఆర్ డబ్బు తేలిగ్గా వస్తుందా?

సీఎస్‌ఆర్ అంటే కంపెనీలు తమ లాభంలోంచి సమాజం కోసం చట్టప్రకారం పెట్టాల్సిన ఖర్చు. మొదటి మూడేళ్ళు దానిమీద ఆశ పెట్టుకోకండి. 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి ఉన్న కంపెనీ అయినా మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. ఆ డబ్బు తీసుకునే సంస్థకి 12ఏ, 80జీ, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర చేయించుకునే సీఎస్‌ఆర్-1 నమోదు, అలాంటి పనిలో మూడేళ్ళ అనుభవం ఉండాలి.

వచ్చినప్పుడు కూడా ఒక ప్రమాదం ఉంది. వాళ్ళు మార్చిలోపు ఖర్చు కావాలంటారు, పిల్లల సంఖ్య ఎక్కువ కావాలంటారు. మేము ఒకసారి ఒప్పుకుని 60 మంది చోట 200 మందిని చేర్చుకున్నాం. ఎవరికీ సరిగా నేర్పలేకపోయాం. మరుసటి ఏడాది ఆ ఒప్పందం ఆగిపోయింది, టీచర్లలో ముగ్గురిని పంపేయాల్సి వచ్చింది. వందమంది ఇచ్చే నెలకి 500 రూపాయలు, ఒకే కంపెనీ ఇచ్చే పెద్ద చెక్కు కన్నా నమ్మకమైనవి.

సేవ చేస్తూ జీతం తీసుకుంటే జనం ఏమనుకుంటారు?

ఏమైనా అనుకోనివ్వండి. పొద్దున నుంచి సాయంత్రం దాకా పిల్లలతో ఉండే టీచరుకి జీతం ఇవ్వకపోతే ఆమె ఆరు నెలల్లో వెళ్ళిపోతుంది, పిల్లలు ఇంకొకరిని పోగొట్టుకుంటారు. నడిపేవాళ్ళు కూడా చేసే పనికి తగిన జీతం, ట్రస్టీలందరి తీర్మానంతో, లెక్కల్లో చూపించి తీసుకోవచ్చు. దాతలు అడిగితే దాచకుండా చెప్పండి.

పుట్టినరోజుకి పిల్లలకి కేకు, పాత బట్టలు ఇస్తామని ఫోన్లు వస్తున్నాయి. కాదంటే నొచ్చుకుంటారేమో?

మంచి మనసుతోనే అడుగుతారు, కాబట్టి వేరే దారి చూపించండి. ఆ రోజు వచ్చి ఒక కథ చదివి వినిపించమనండి, లేదా నెలకి సరిపడా నోటు పుస్తకాలు ఇమ్మనండి. చిరిగిన బట్టలు మేము తీసుకోం. పిల్లల్ని వరసలో నిలబెట్టి చేతికి అందించడం మా దగ్గర లేదు.

## పిల్లల భద్రత

దాతలకి చూపించడానికి పిల్లల ఫోటోలు పెట్టొచ్చా?

ముఖం కనిపించేది, పేరు, ఊరు, షెడ్డు ఉన్న చోటు రాసేది వద్దు. 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలు డిజిటల్‌గా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 డేటా రక్షణ చట్టం అంటుంది. అనుమతి అంటే వేలిముద్ర తీసుకోవడం కాదు, ఆ ఫోటో ఎక్కడ కనపడుతుందో తెలుగులో చెప్పి అడగడం. మీ సొంత బిడ్డ ఫోటో ‘పేద పిల్ల’ అనే మాట కింద కనపడితే ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించండి. పిల్లలు గీసిన బొమ్మలు, నోటు పుస్తకం పేజీ దాతలకి ఇంకా బాగా చెబుతాయి.

వాలంటీర్ల విషయంలో ఏం జాగ్రత్తలు? ఏదైనా జరిగిందని పిల్ల చెబితే ఏం చేయాలి?

గుర్తింపు కాగితాలు తీసుకోండి, ఇంతకుముందు పనిచేసిన చోట అడగండి, ఎవరూ ఒక పిల్లతో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదనే నియమం పెట్టండి. ఎంత నమ్మకస్తులైనా, సంస్థ పెట్టినవాళ్ళైనా ఇది అందరికీ ఒకటే.

లైంగిక వేధింపు గురించి పిల్ల చెబితే ఆపకుండా వినండి. గుచ్చి గుచ్చి ప్రశ్నలు వేయకండి, మీరే విచారణ చేయకండి, ‘ముందు పెద్దమనుషులతో మాట్లాడదాం’ అనేవాళ్ళ మాట వినకండి. పోక్సో చట్టం, 2012లోని 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోవడం కూడా నేరమే. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098, పగలూ రాత్రీ పనిచేస్తుంది. సంస్థ పరువు పోతుందని ఆలోచించే క్షణంలో ఆ పిల్లని రెండోసారి ఒంటరి చేస్తాం.

## నడిపేవాళ్ళ గురించి

పిల్లలు నిజంగా నేర్చుకుంటున్నారో లేదో ఎలా తెలుస్తుంది? మాకు పెద్ద సర్వేలు చేసే శక్తి లేదు.

పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో దేశమంతా తిరిగి చూసే అసర్ సర్వేలో వాడే చదువు పరీక్ష ఒక్క కాగితం. అక్షరం, మాట, చిన్న పేరా, కథ, ఈ నాలుగు మెట్లలో పిల్ల ఎక్కడుందో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. తెలుగులోనూ కన్నడలోనూ దొరుకుతుంది. చేరిన రోజు ఒకసారి, తర్వాత మూడు నెలలకోసారి పెట్టి తేదీతో రాయండి. 2024 అసర్ ప్రకారం గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 48.8 శాతం. మీ పిల్లలు వెనకబడి ఉంటే అది వాళ్ళ తెలివి లోపం కాదని తల్లిదండ్రులకి చెప్పడానికి ఈ అంకె పనికొస్తుంది. దీనితోపాటు ఇంకో లెక్క ఉంచండి: బడిలో చేర్పించినవాళ్ళలో ఏడాది తర్వాత ఎంతమంది ఇంకా వెళ్తున్నారు. నాకు అన్నిటికన్నా ముఖ్యమైన అంకె అదే.

నిద్ర పట్టడం లేదు, ఇంట్లో గొడవలు, ఒక్క రోజు రాకపోతే పిల్లలేమైపోతారో అని భయం. ఇది అందరికీ ఉంటుందా?

ఉంటుంది. చిన్న సంస్థ నడిపే ప్రతివాళ్ళూ ఏదో ఒక రాత్రి ఈ మాట నాతో అన్నారు, నేనూ ఇంకొకరితో అన్నాను. మూడో ఏడాది ఒక పాపకి పద్నాలుగేళ్ళకే ఊళ్ళో పెళ్ళి చేసేశారు. మాకు తెలిసేసరికి అయిపోయింది. ఆ తర్వాత రెండు నెలలు నేను సెంటర్‌కి వెళ్ళి కూర్చునేదాన్ని, పాఠం చెప్పలేకపోయేదాన్ని. మా టీచరమ్మ ఒకామె ‘అక్కా, ఈ వారం ఇంటికెళ్ళండి, మేం చూసుకుంటాం’ అని తాళాలు తీసుకుంది.

వారంలో ఒక రోజు ఫోన్ ఇంకొకరి దగ్గర పెట్టండి. ఇదే పని చేసే నలుగురితో నెలకోసారి కలిసి, దాతల గురించి కాకుండా మనసులో మాటలు మాట్లాడుకోండి. నిద్ర రాకపోవడం వారాల తరబడి సాగితే డాక్టర్ని కలవండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి చేస్తే మాట్లాడేవాళ్ళుంటారు, ఖర్చేమీ లేదు. ఇంట్లోవాళ్ళకి కూడా మీ పని గురించి చెప్పండి. వాళ్ళ సమయం కూడా ఇందులో ఖర్చవుతోంది.

మా తర్వాత ఎవరు నడుపుతారు? బయటి నుంచి చదువుకున్నవాళ్ళని తీసుకురావాలా?

ముందు లోపల వెతకండి. షెడ్లలో పదో తరగతి దాకా చదివి ఆపేసిన అమ్మాయిలు, కోడళ్ళు ఉంటారు. వాళ్ళకి పిల్లల ఇళ్ళు తెలుసు, మేస్త్రీ తెలుసు, ఏ ఇంట్లో ఏ పూట ఎవరుంటారో తెలుసు. మా దగ్గర ఇప్పుడున్న ఐదుగురు టీచర్లలో ఇద్దరు అలా వచ్చినవాళ్ళే. వాళ్ళకి ఇంగ్లిష్ రిపోర్టు రాయడం రాదని పక్కన పెట్టకండి, రిపోర్టు రాయడానికి ఒక మనిషిని పెట్టుకోవచ్చు.

అప్పగించడం ఒక్క రోజులో జరగదు. మొదట హెడ్ మాస్టర్ల దగ్గరికి, బీఈఓ ఆఫీసుకి వాళ్ళని వెంట తీసుకెళ్ళండి, తర్వాత వాళ్ళనే పంపండి. బడిలో తల్లిదండ్రుల కమిటీ, అదే ఎస్‌డీఎంసీ ఎన్నికప్పుడు మీ పిల్లల అమ్మలని నిలబడమనండి. బ్యాంకు ఖాతాకి రెండో సంతకం వాళ్ళలో ఒకరిది పెట్టించండి. పాస్‌వర్డులు, ఆడిటర్ నంబరు, ఫారాల గడువు తేదీలు, మేస్త్రీల నంబర్లు, బడివారీగా పిల్లల సాట్స్ నంబర్లు, అద్దె ఒప్పందం నకలు, అన్నీ ఒకే రిజిస్టరులో రాసి, అది ఎక్కడుంటుందో కనీసం ముగ్గురికి తెలిసేలా ఉంచండి.